కవి మీద తీసిన డాక్యుమెంటరీని ఊరూరా తిప్పితే జనం వస్తారా? విట్మన్ సినిమాతో నేను చూసింది

మీ ప్రశ్న ఇది: మీ తమ్ముడు పేరున్న ఒక అమెరికన్ కవి మీద గంటపైన నిడివి ఉన్న డాక్యుమెంటరీ తీశాడు, ఫెస్టివల్స్ అయిపోయాయి, ఇప్పుడు ఊరూరా చూపించాలనుకుంటున్నాడు, జనం వస్తారా, కనీసం ఖర్చులైనా వెనక్కి వస్తాయా అని. జనం వస్తారు. ఖర్చులు కూడా, జాగ్రత్తగా చేస్తే, వస్తాయి. లాభం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దని చెప్పండి.

నేను న్యూజెర్సీలో ఉంటాను. వాల్ట్ విట్మన్ మీద ఒక చిన్న టీమ్ తీసిన సినిమాకి స్క్రీనింగ్‌ల పనంతా చూసుకున్నాను. అంటే పిలిచేవాళ్లతో మాట్లాడటం, తేదీలు కుదర్చడం, కారులో స్పీకర్లు వేసుకుని వెళ్లడం, సినిమా అయ్యాక మైకు పట్టుకుని ప్రశ్నలు తీసుకోవడం. టీమ్ పేరు, సినిమా పేరు ఇక్కడ రాయను, వాళ్లని అడగలేదు కాబట్టి. కానీ ఆ పనిలో తెలుసుకున్నది మీ తమ్ముడికి పనికొస్తుందని నమ్మకంగా చెప్పగలను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటే. కవి మీద సినిమాకి ప్రేక్షకులు థియేటర్ చుట్టుపక్కల ఉండరు. ప్రతి ఊళ్లోనూ ఆ కవిని ఇప్పటికే ప్రేమిస్తున్న ఒక మనిషి ఉంటారు, లైబ్రేరియనో, రిటైరైన ఇంగ్లీష్ టీచరో, చర్చిలో పుస్తకాల గుంపు నడిపే ఆవిడో. ఆ మనిషి దొరికితే ఆ ఊళ్లో సినిమా ఆడుతుంది, దొరక్కపోతే ఎంత మంచి హాలు అద్దెకి తీసుకున్నా ముందు వరసలు ఖాళీగానే ఉంటాయి. కాబట్టి ఊళ్ల లిస్టు కాదు, మనుషుల లిస్టు రాసుకోమనండి. సోషల్ మీడియా యాడ్స్‌కి పెట్టే డబ్బు పెట్రోలుకి పెడితే నయం.

విట్మన్ విషయంలో మా పని కొంత తేలికైంది, ఎందుకంటే ఆయన బతికిన చోట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. 1819 మే 31న లాంగ్ ఐలాండ్‌లో హంటింగ్టన్ దగ్గర వెస్ట్ హిల్స్‌లో పుట్టాడు, ఆ ఇల్లు ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్ర చారిత్రక స్థలం. ఆయన కవితల పుస్తకం 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' మొదటి ముద్రణ 1855లో బ్రూక్లిన్‌లో జరిగింది, పన్నెండే కవితలు, పుస్తకం మీద రచయిత పేరు కూడా వేయలేదు. 1873లో పక్షవాతం వచ్చాక న్యూజెర్సీలోని కామ్డెన్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి చేరి, 1884లో అక్కడే 1,750 డాలర్లకి చిన్న ఇల్లు కొనుక్కుని, 1892లో ఆ ఇంట్లోనే పోయాడు. ఈ మూడు చోట్ల చుట్టుపక్కల లైబ్రరీలు, హిస్టారికల్ సొసైటీలు, కాలేజీలు మా మొదటి విడత. మీ తమ్ముడి కవికి కూడా పుట్టిన ఊరు, ఉద్యోగం చేసిన ఊరు, పోయిన ఊరు ఉంటాయి కదా, అక్కడినుంచి మొదలుపెట్టమనండి. స్థానిక పేపర్ వాళ్లు కూడా మన ఊరి కవి అంటేనే వార్త రాస్తారు.

అలా వెళ్తే ఒక విచిత్రం కనపడింది. ఆ ప్రాంతంలో విట్మన్ పేరు తెలియనివాళ్లు లేరు, చదివినవాళ్లే తక్కువ. ఫిలడెల్ఫియాకి వెళ్లే వంతెనకి ఆయన పేరు, న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద చెర్రీ హిల్ దగ్గర కాఫీ తాగడానికి ఆగే చోటుకి ఆయన పేరు, పుట్టిన ఇంటికి ఎదురుగా ఉన్న షాపింగ్ మాల్‌కి ఆయన పేరు. రోజూ ఆ వంతెన మీద ఆఫీసుకి వెళ్లేవాడికి 'గొప్ప అమెరికన్ కవి జీవితం' అని పోస్టర్ చూపిస్తే తల కూడా తిప్పడు. 'ఆ వంతెన పేరు వెనకున్న మనిషి ఎవరు?' అని రాశాక జనం ఆగి చదవడం నేనే చూశాను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతి. సాహిత్యం గుంపుల కంటే నర్సులు, నర్సింగ్ విద్యార్థుల ముందు వేసిన స్క్రీనింగ్‌లే బాగా జరిగాయి. కారణం విట్మన్ జీవితంలోనే ఉంది. 1862 డిసెంబర్‌లో, తమ్ముడు జార్జ్ అమెరికా అంతర్యుద్ధంలో గాయపడ్డాడని పేపర్లో చూసి వర్జీనియాలోని ఫ్రెడెరిక్స్‌బర్గ్‌కి పరుగెత్తాడు. తమ్ముడికి చిన్న గాయమే, కానీ అక్కడ ఆసుపత్రిగా మార్చిన ఒక బంగళా బయట చెట్టు కింద కోసేసిన చేతులు, కాళ్ల కుప్ప చూశాడు. ఆ తర్వాత వాషింగ్టన్‌లో ఉండిపోయి, చిన్న గుమాస్తా పని చేసుకుంటూ, మిగతా సమయమంతా సైనిక ఆసుపత్రుల్లో గడిపాడు. పండ్లు, పొగాకు, కాగితాలు, స్టాంపులు పట్టుకెళ్లేవాడు, రాయలేనివాళ్లకి ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టేవాడు, పోయే కుర్రాళ్ల పక్కన రాత్రంతా కూర్చునేవాడు. ఆరు వందలకి పైగా సార్లు ఆ వార్డులకి వెళ్లానని, ఎనభై వేల నుంచి లక్షమంది దాకా గాయపడినవాళ్లని చూశానని ఆయన స్వయంగా లెక్క రాసుకున్నాడు. సినిమాలో ఆ భాగం వచ్చేసరికి నర్సుల గదిలో ఊపిరి మారిపోయేది. కోవిడ్ వార్డుల్లో పనిచేసిన ఒక ఫిలిపినో నర్సు లేచి, ఫోన్‌లో వీడియో కాల్ పట్టుకుని పేషెంట్లకి కుటుంబాన్ని చూపించిన సంగతి చెప్పింది. ఆమె తర్వాత ఒక మలయాళీ ఆవిడ, ఆ తర్వాత మన గుంటూరు జిల్లా అమ్మాయి ఒకామె మాట్లాడారు. ఆ రోజు డైరెక్టర్‌ని ఎవరూ ప్రశ్న అడగలేదు, అడగాల్సిన అవసరం రాలేదు. మీ తమ్ముడి కవి రైతా, డాక్టరా, టీచరా, జైలుకెళ్లినవాడా, ఆ వృత్తివాళ్ల దగ్గరకి సినిమాని తీసుకెళ్లమనండి. విలియం కార్లోస్ విలియమ్స్ లాంటి కవైతే, ఆయన న్యూజెర్సీలోని రూథర్‌ఫర్డ్‌లో పిల్లల డాక్టర్, మెడికల్ కాలేజీలే అతని ప్రేక్షకులు.

హక్కుల సంగతి ఇప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే ఫెస్టివల్‌లో చెల్లిన కాగితాలు టూర్‌లో చెల్లకపోవచ్చు. పాటకో, పాత వీడియో క్లిప్‌కో తీసుకున్న లైసెన్స్ 'ఫెస్టివల్స్‌కి మాత్రమే' అని ఉంటే, టికెట్ పెట్టి గానీ, లైబ్రరీ దగ్గర ఫీజు తీసుకుని గానీ చూపించకూడదు. కవితల విషయం ఇంకా జాగ్రత్త. అచ్చయి 95 ఏళ్లు దాటినవి అమెరికాలో ఎవరైనా వాడుకోవచ్చు, కాబట్టి విట్మన్‌తో మాకు ఏ టెన్షనూ లేదు, ఫోటోలు, రాతప్రతులు కూడా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బోలెడు ఉన్నాయి. కానీ పాత కవి కదా అని ఊరుకోకూడదు. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ 1886లో పోయింది, అయినా 1955లో థామస్ జాన్సన్ పరిష్కరించి తెచ్చిన పాఠానికి హక్కులు తమవని హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అంటుంది. 1890లలో వచ్చిన పాత అచ్చు వాడుకుంటే ఆ గొడవ లేదు, కాకపోతే ఆ ఎడిటర్లు ఆమె డాష్‌లు తీసేసి కొన్ని మాటలు కూడా మార్చేశారు. ఇంకా దగ్గరి కాలం కవి అయితే వారసులు, ప్రచురణకర్తల అనుమతి రాతలో ఉందో లేదో చూడాలి.

టెక్నికల్‌గా నేను పట్టుబట్టేది ఒక్కటే, సౌండ్. మైనపు సిలిండర్ మీద రికార్డయిన ఒక గొంతు ఉంది, విట్మన్‌దే అని చాలామంది నమ్ముతారు, కొందరు ఒప్పుకోరు. 'అమెరికా' అనే చిన్న కవితలో నాలుగు లైన్లు, అంతా కలిపి 36 సెకన్లు. గరగరల మధ్యలోంచి వస్తుంది. లైబ్రరీల కమ్యూనిటీ రూముల్లో సీలింగ్ స్పీకర్లు ప్రకటనల కోసం పెట్టినవి, వాటిలో ఆ గొంతు అసలు వినపడదు. ఒక కాలేజీ వాళ్లు మా సిస్టమ్ కొత్తది, మీరేమీ తేవద్దని గట్టిగా చెప్పి, తీరా వెళ్లాక ఒకవైపు స్పీకర్ పనిచేయక సగంమంది ప్రశ్నార్థకంగా ముఖాలు పెట్టారు. అప్పటినుంచి మంచి స్పీకర్ల జత కారులోనే ఉండేది. క్యాప్షన్స్ తప్పనిసరిగా ఆన్‌లో పెట్టమనండి, వచ్చేవాళ్లలో పెద్దవాళ్లు ఎక్కువ. థియేటర్లకి డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్ల కోసం చేసే డిజిటల్ ఫార్మాట్) కావాలి గానీ లైబ్రరీలకి మామూలు వీడియో ఫైల్, దానితో పాటు ఒక బ్లూ-రే ఉంటే చాలు. అక్కడి వైఫై మీద ఆధారపడి స్ట్రీమ్ చేయొద్దు.

తేదీలు కూడా ముఖ్యం. ఏప్రిల్ అమెరికాలో జాతీయ కవిత్వ మాసం, 1996 నుంచీ జరుపుతున్నారు. ఆ నెలలో అందరికీ కవులు కావాలి, కానీ లైబ్రరీల క్యాలెండర్ అంతకుముందు శరదృతువులోనే నిండిపోతుంది. జనవరిలో ఫోన్ చేస్తే వచ్చే ఏడాదికి చూద్దాం అంటారు. మేము ఇంకో తేదీ కూడా వాడుకున్నాం. విట్మన్ 1879 నుంచి దాదాపు పదేళ్ల పాటు, లింకన్ మీద కాల్పులు జరిగిన ఏప్రిల్ 14 ప్రాంతంలో, లింకన్ మరణం మీద ఊళ్లు తిరిగి ప్రసంగించేవాడు. 1887లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ థియేటర్‌లో ఇచ్చిన ప్రసంగానికి మార్క్ ట్వైన్ వచ్చాడు, ఆండ్రూ కార్నెగీ ఒక బాక్స్ సీటు కోసం 350 డాలర్లు ఇచ్చాడు. చివర్లో, లింకన్ పోయినప్పుడు తాను రాసిన 'ఓ కెప్టెన్! మై కెప్టెన్!' చదవమని జనం అడిగేవాళ్లు, ఆ కవితతో ఆయన విసిగిపోయినా చదివేవాడు. అంటే ఈ కవి తన రోజుల్లోనే టూర్ చేసినవాడు. మేము కూడా సినిమా అయ్యాక ఆ ఊరివాళ్లలో ఎవరిచేతనైనా ఒక కవిత పైకి చదివించేవాళ్లం. ముందుగా ఒకరిద్దరిని అడిగి ఉంచితే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే లేస్తారు. నటుల్ని పెట్టొద్దు, ఊరివాళ్లు తడబడుతూ చదివినా అదే బాగుంటుంది.

ప్రశ్నల భాగానికి మీ తమ్ముడు బాగా సిద్ధపడాలి. విట్మన్ విషయంలో రెండు ప్రశ్నలు ఎప్పుడూ వచ్చేవి. ఒకటి, మగవాళ్ల మీద ఆయన ప్రేమ గురించి, 'లీవ్స్ ఆఫ్ గ్రాస్'లో ఆ ప్రేమ మీదున్న 'కాలమస్' కవితల గురించి. రెండోది, నల్లవారి గురించి ఆయన కవితల్లో ఒకలా, కొన్ని గద్య రచనల్లో, మాటల్లో వేరేలా ఎందుకున్నాడని. కామ్డెన్‌లో ఈ ప్రశ్న చాలా సూటిగా అడుగుతారు, అడగాలి కూడా. సమర్థించబోతే గది చేజారిపోతుంది. ఆయన రాసింది రాసినట్టు చెప్పి, లాంగ్‌స్టన్ హ్యూస్ లాంటి నల్లజాతి కవి విట్మన్‌ని ఇష్టపడుతూనే 'నేనూ అమెరికాని పాడతాను' అని తన చోటు అడిగి తీసుకున్న సంగతి చెప్పేవాళ్లం. అక్కడినుంచి చర్చ నిజంగా మొదలయ్యేది. కవిని దేవుడిలా చూపించే సినిమాని ఊళ్లలో ఎవరూ నమ్మరు.

మనవాళ్లు వస్తారా అని కూడా అడిగారు కాబట్టి చెప్తున్నా. న్యూజెర్సీలోనే ఎడిసన్ వైపు వేసినప్పుడు తెలుగువాళ్లు కొందరు వచ్చారు, ఎక్కువగా పిల్లల దగ్గరకి వచ్చిన తల్లిదండ్రులు. ఒక పెద్దాయన లేచి, కవి కుందుర్తి గారు వచన కవిత కోసం ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టిన రోజుల్లో వచన కవిత అసలు కవిత్వమేనా అని మన దగ్గర జరిగిన వాదనలు చెప్పి, ఛందస్సు లేకుండా రాసిన విట్మన్‌ని ఇక్కడ 1855లో కూడా ఇలాగే తిట్టారా అని అడిగారు. ఇలాగే తిట్టారు. ఆ సాయంత్రం అన్నిటికంటే మంచి ప్రశ్న అదే. అయితే తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్ పెట్టేసి ఊరుకుంటే ఎవరూ రారు, ఒక్కొక్కరికి ఫోన్ చేయాల్సిందే.

డబ్బు సంగతి క్లుప్తంగా. చిన్న లైబ్రరీలు రెండు మూడు వందల డాలర్లు ఇవ్వగలిగేవి, యూనివర్సిటీలు ఇంకా ఎక్కువ, డైరెక్టర్ స్వయంగా వస్తే ప్రయాణ ఖర్చులు వేరుగా. రెండు మూడు దగ్గరి ఊళ్లని ఒకే వారాంతంలో కలిపితేనే లెక్క కుదురుతుంది. ప్రతి రాష్ట్రంలోనూ హ్యూమానిటీస్ కౌన్సిల్ ఉంటుంది, ఇలాంటి వాటికి చిన్న గ్రాంట్లు ఇచ్చేవి, కానీ 2025 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం నిధులు ఆపేశాక చాలా కౌన్సిళ్లు ఇబ్బందిలో పడ్డాయి, అందుకని దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయొద్దు. సినిమాని కనోపీలాంటి లైబ్రరీ స్ట్రీమింగ్‌లో పెట్టడం, కాలేజీలకి అమ్మడం మొదటి విడత టూర్ అయ్యాక చేయమనండి. పబ్లిక్ టీవీతో మాట్లాడుతుంటే, ప్రసారానికి ముందు బయట ఎన్ని స్క్రీనింగ్‌లు ఒప్పుకుంటారో కాంట్రాక్టులో చూసుకోవాలి.

ఏ కవి అన్నది మీరు రాయలేదు. కవి పేరు, కవితలు ఏ ముద్రణ నుంచి తీసుకున్నారు, సంగీతం లైసెన్స్‌లో ఏముంది, ఈ మూడూ కామెంట్లో పెట్టండి. మొదటి విడతలో ఏ ఊళ్లకి, ఎలాంటి చోట్లకి ఫోన్ చేయాలో నాకు తెలిసినంతలో రాస్తాను.