కాలువ మీద కూలిన కల్వర్టు: ఎమ్మెల్యే గారి దాకా ఎలా తీసుకెళ్లాలి?

అన్నా, పెన్నా కాలువ మీద మీ ఊరి కల్వర్టు కూలి ఏడాదైందని, రెండుసార్లు అర్జీ ఇచ్చినా ఎమ్మెల్యే గారి నుంచి ఉలుకూ పలుకూ లేదని రాశారు. చదివి బాధేసింది. మాకూ ఇదే జరిగింది.

ముందు ఆ దారి పంచాయతీరాజ్‌దా, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)దా, ఇరిగేషన్‌దా తేల్చుకోండి. మేం అది తెలియక ఆరు నెలలు వేరే ఆఫీసు చుట్టూ తిరిగాం. తర్వాత ఆ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి చేత ఖర్చు ఎస్టిమేట్ వేయించి, అర్జీలు తీసుకునే సోమవారం నాడు నెల్లూరు కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి నంబరు తీసుకున్నాం. ఆ నంబరు, ఎస్టిమేట్ కాపీ, బడిపిల్లలు బ్యాగులు నెత్తిన పెట్టుకుని మోకాలిలోతు నీళ్లలో దాటుతున్న ఒక్క ఫొటో. ఇవి పట్టుకుని అన్ని పార్టీల వాళ్లం పదిహేను మందిమి కలిసి వెళ్లాం. ఎమ్మెల్యే గారు ఆ ఫొటో చూసి అక్కడికక్కడే డీఈకి (ఏఈ పై అధికారికి) ఫోన్ చేశారు. ఒక్కరే వెళ్తే కాగితం పీఏ టేబుల్ దాటదన్నా.

ఎంపీ గారికీ ఒక కాపీ ఇవ్వండి. ఎంపీల్యాడ్స్ (ఎంపీల నియోజకవర్గ అభివృద్ధి నిధులు) కింద ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫార్సు చేసే వీలుంది. అప్పటికీ కదలకపోతే ఫైలు ఎక్కడుందో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. వానలు ముదరకముందే, వచ్చే సోమవారమే బయల్దేరండి.