గోడకి బిగించే చిన్న రీఫ్ ట్యాంక్: ముందు గోడ లెక్క చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: నేల మీద చోటు లేదు కాబట్టి 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తున్న అద్దాల తొట్టిని సొంతంగా అతికించి, రెండు బ్రాకెట్ల మీద గోడకి బిగించి, అందులో ఉప్పు నీళ్ళు పోసి పగడాలు, ఒక జత క్లౌన్ చేపలు పెంచాలి, అంటే చిన్న రీఫ్ అన్నమాట. ఏ లైటు, ఏ పంపు అని అడిగారు. వాటి గురించీ చెప్తాను. కానీ మీ ప్రశ్నలో గోడ గురించి ఒక్క ముక్క కూడా లేదు. నేనూ మొదటిసారి అలాగే దిగాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నా మొదటి ట్యాంక్ 45 లీటర్లది. రెండు ఇనప ఎల్ బ్రాకెట్లు, ప్లాస్టిక్ ప్లగ్గులు, స్క్రూలు. రెండున్నర నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఒక రాత్రి ముందు అద్దం తుడుస్తుంటే నీటి గీత తేడాగా అనిపించింది. ముందు వైపు నీళ్ళు అంచుకి దగ్గరగా, గోడ వైపు కిందికి ఉన్నాయి. స్కేలు పెడితే 4 మి.మీ. తేడా వచ్చింది. బిగించిన రోజు రసమట్టం పెట్టి సరిచూసుకున్నాను కాబట్టి ట్యాంకే ముందుకి వాలిందన్నమాట. పక్క నుంచి టార్చి వేసి చూస్తే బ్రాకెట్ పైభాగం గోడని వదిలేసి కనిపించింది. గుండె ఆగినంత పనైంది. అప్పటికప్పుడు పైపుతో నీళ్ళన్నీ బకెట్లలోకి లాగేసి, చేపల్ని, పగడాల్ని ఒక బకెట్‌లో పెట్టి, హీటర్, గాలి పంపు వేసి తెల్లవార్లూ దాని పక్కనే కూర్చున్నాను.

మర్నాడు విప్పితే పై స్క్రూలు ప్లగ్గులతో సహా వేళ్ళతోనే ఊడి వచ్చాయి, వాటి వెనకే ఇసుక రాలింది. ప్లగ్గు పొడవు 5 సెం.మీ., గోడ ప్లాస్టరింగ్ మందం 2 సెం.మీ. మిగిలిన 3 సెం.మీ. కూడా ఇటుకలోకి కాదు, రెండు ఇటుకల మధ్య సిమెంటు అతుకులోకి దిగింది. అంటే అంత బరువునీ పట్టుకున్నది పొడి ఇసుకే.

ఇప్పుడు మీ ట్యాంక్ లెక్క వేద్దాం. అద్దం బరువు మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి 2.5 కిలోలు. మీ కొలతలకి 8 మి.మీ. అద్దం పెడితే సుమారు 18 కిలోలు. రాళ్ళు, ఇసుక ఆక్రమించిన చోటు పోను నీళ్ళు 54 లీటర్లు, ఉప్పు నీరు కాబట్టి 55 కిలోలు. రాళ్ళు, ఇసుక కలిపి 14. లైటు, పంపులు, బ్రాకెట్లు 8. మొత్తం 95 కిలోలు. ఈ బరువు గోడని కిందికి నొక్కడం పెద్ద సమస్య కాదు. అసలు సమస్య పై బోల్టుల్ని బయటికి లాగడం. ట్యాంక్ బరువంతా దాని మధ్య నుంచి దిగుతుంది. మీ ట్యాంక్ గోడ నుంచి ముందుకి వచ్చే వెడల్పు 30, వెనక 2.5 సెం.మీ. సందు వదిలితే ఆ మధ్య భాగం గోడకి 17.5 సెం.మీ. దూరంలో ఉంటుంది. పై బోల్టుకీ కింది బోల్టుకీ మధ్య 30 సెం.మీ. ఉంటే పైవాటి మీద పడే లాగుడు 95ని 17.5తో గుణించి 30తో భాగించినంత, అంటే దాదాపు 55 కిలోలు. రోజంతా, ఏళ్ళ తరబడి అంతే.

వెడల్పుని 22 సెం.మీ.కి, ఎత్తుని 35కి తగ్గించి చూడండి. మొత్తం బరువు 65 కిలోల చుట్టూ వస్తుంది, దూరం 13.5కి తగ్గుతుంది. లాగుడు 30 కిలోలకి దిగిపోతుంది. బ్రాకెట్ నిలువు భాగాన్ని 45 సెం.మీ. చేస్తే 20 కిలోలే. పొడవు 60 అలాగే ఉంది కాబట్టి ఎదుట నిలబడి చూసేవాళ్ళకి పెద్ద తేడా తెలియదు. వెడల్పు పెంచితే బరువూ పెరుగుతుంది, గోడ నుంచి దూరమూ పెరుగుతుంది, రెండూ కలిసి బోల్టు మీదే పడతాయి. గోడ ట్యాంక్‌లో అన్నిటికంటే ఖరీదైన కొలత వెడల్పేనని నేను నమ్ముతాను.

తర్వాత మీ గోడ దేనితో కట్టారో తెలుసుకోండి. ఒక మూల చిన్న కన్నం వేసి, కింద తెల్ల కాగితం పట్టుకోండి. ముందు బూడిద రంగు పొడి వస్తుంది, అది ప్లాస్టరింగ్. ఎంత లోపలికి వెళ్ళాక రంగు మారిందో డ్రిల్ బిట్ మీద పెన్‌తో గుర్తు పెట్టుకోండి. ఎర్ర పొడి వస్తే ఇటుక. బూడిద రంగే వస్తూ బిట్ మొరాయిస్తే కాంక్రీటు, అంతకంటే మంచి గోడ లేదు. మెత్తగా, తెల్లగా రాలుతూ బిట్ వెన్నలో దిగినట్టు దిగితే తేలిక బ్లాకులు. ఒక్కసారిగా లోపలికి జారిపోతే బోలు బ్లాకులు, లేదా జిప్సం బోర్డు. జిప్సం బోర్డయితే వెనకున్న ఫ్రేము దొరికితే తప్ప ఈ ఆలోచన మానుకోండి. ఇటుక గోడకి, బోలు బ్లాకులకి నేనైతే విచ్చుకునే యాంకర్ బోల్టులు వాడను. అవి లోపల ఒత్తిడి పెట్టి ఇటుకని చీలుస్తాయి. రెజిన్ నింపి బిగించే కెమికల్ యాంకర్ మేలు, బోలు బ్లాకులకి దానితో పాటు జాలీ గొట్టం కూడా పెట్టాలి. అవతలి వైపు కూడా మీ గదే అయితే గోడ ఇవతల నుంచి అవతల దాకా బోల్టు వేసి వెనక ఉక్కు పట్టీ పెట్టడాన్ని మించినది లేదు. కన్నం వేసేముందు ఆ వరసలో కరెంటు తీగలు, నీళ్ళ పైపులు పోవడం లేదని చూసుకోండి. మధ్యాహ్నం ఎండ తగిలే బయటి గోడ అయితే వద్దు, ట్యాంక్ వేడెక్కిపోతుంది.

ఇక్కడ నా మనసులో మాట చెప్తాను. రెండోసారి నేను బరువు గోడ మీద పెట్టలేదు. ట్యాంక్ కింద నుంచి గోడని ఆనుకుని నేల దాకా రెండు సన్నటి ఉక్కు కాళ్ళు దింపాను, గోడ రంగే వేశాను. బరువంతా నేల మోస్తుంది, గోడ బోల్టులు ముందుకి ఒరగకుండా పట్టుకోవడానికే. దూరం నుంచి చూస్తే గోడకి వేలాడుతున్నట్టే ఉంటుంది. కాళ్ళు తీసుకునే చోటు నాలుగు వేళ్ళ వెడల్పు. మీ గోడ కాంక్రీటు కాకపోతే ఇలాగే చేయమంటాను. రాత్రి నిద్ర పడుతుంది.

బ్రాకెట్ మామూలు ఇనుముదైతే రంగు ఎంత మందంగా వేసినా తుప్పు తప్పదు. పంపు నుంచి లేచే చిన్న చిన్న బుడగలు పగిలి ఉప్పు చిందుతుంది, అంచుల మీద తెల్లగా పేరుకుంటుంది, వెల్డింగ్ సందుల్లోకి పాకుతుంది. నా పాత బ్రాకెట్‌కి ట్యాంక్ ఆనే చోట, కంటికి కనపడని వైపు, రంగు పెచ్చులుగా లేచి కింద ఎర్రటి పొడి చేరింది. స్టెయిన్‌లెస్‌లో 304 కంటే 316 రకం ఉప్పుని బాగా తట్టుకుంటుంది. బోల్టులు, వాషర్లు కూడా అదే రకం తీసుకోండి. ట్యాంక్ అడుగు మొత్తం ఆనేలా బ్రాకెట్ల మీద మందపాటి ప్లైవుడ్, దాని మీద ఫోమ్ షీట్ వేయాలి. ప్లైవుడ్ అంచులకి కూడా నీరు పట్టని పూత వేయండి.

వడపోత గది సంగతి. దొరికే డిజైన్లలో ఎక్కువగా పంపు, హీటర్ పెట్టే గది వెనక వైపు ఉంటుంది. మనకి అది వద్దు, ఎందుకంటే అది తినేది వెడల్పునే. పక్కన కట్టండి. 60 సెం.మీ.లో కుడి చివర 12 సెం.మీ. వదిలి అద్దం అడ్డు అతికించండి, పైన దంతాల్లాంటి గాట్లున్న చోటు నుంచి నీరు ఆ గదిలోకి దూకాలి, పంపు మళ్ళీ బయటికి తోయాలి. చేపలుండే వైపు నీటి మట్టం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, ఆవిరైన నీటి తగ్గుదల అంతా ఈ చిన్న గదిలోనే తెలుస్తుంది. అతికించడానికి బూజు నివారణ మందు కలపని సిలికోన్ మాత్రమే వాడాలి. బాత్రూమ్‌కి వాడే రకం పనికిరాదు, అందులోని మందు ట్యాంక్‌లో ప్రాణుల్ని చంపుతుంది.

చిన్న రీఫ్‌ని ఎక్కువగా పాడుచేసేది ఆవిరి. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. మన 22 సెం.మీ. ట్యాంక్‌లో నీళ్ళు 32 లీటర్లు అనుకోండి, ఉప్పదనం వెయ్యికి 35 పాళ్ళు. రోజుకి 600 మి.లీ. చొప్పున మూడు రోజులు పోతే అది 37 దాటుతుంది. ఆ తర్వాత ఒక్కసారి నీళ్ళు పోస్తే మళ్ళీ 35కి పడిపోతుంది. పగడాలు ఈ ఊపుని తట్టుకోలేవు. పక్క గదిలో ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టంతో పాటు కదిలి పంపుని నడిపే తేలే స్విచ్) పెట్టి, మట్టం తగ్గినప్పుడల్లా చిన్న పంపు మంచినీళ్ళు నింపేలా మొదటి రోజు నుంచే ఏర్పాటు చేయండి. ఆ నీరు ఆర్ఓ వడపోత, మిగిలిన లవణాల్ని కూడా తీసేసే డీఐ వడపోత రెండూ దాటినది, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) సున్నా చూపించేది కావాలి. ఆ నీటి డబ్బా ట్యాంక్ కంటే కింద ఉంచండి, చిన్నదే పెట్టండి. స్విచ్ ఇరుక్కుపోయినా 2 లీటర్లకి మించి పడకూడదు. ఆ గొట్టం చివర నీళ్ళలో మునగకూడదు, మునిగితే ట్యాంక్ నీరు వెనక్కి డబ్బాలోకి దిగిపోతుంది.

లైటుకి ఎల్ఈడీ చాలు. నీటికి 20 నుంచి 25 సెం.మీ. పైన, ట్యాంక్‌కి కాదు, గోడకే వేరే చెయ్యితో బిగించండి, పక్కకి తిరిగేలా ఉంటే లోపల చెయ్యి పెట్టడం తేలిక. రోజుకి 8 గంటలు. పక్క గదిలో గంటకి 400 లీటర్ల పంపు, దానికి తోడు గంటకి 500 లీటర్ల చిన్న వేవ్‌మేకర్ (లోపలి నీటిని అలల్లా కదిలించే పంపు) సరిపోతాయి. వేవ్‌మేకర్‌ని పక్క అద్దానికి పెట్టి పొడవునా వదలండి. ముందు అద్దం వైపు వదిలితే ఇంత ఇరుకులో ఇసుక లేచిపోతుంది. వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి, 30 దాటితే పగడాలు రంగు పోయి తెల్లబడడం మొదలవుతుంది. నీటి మీదికి తిప్పిన చిన్న ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు దించుతుంది, అప్పుడు ఆవిరి ఇంకా పెరుగుతుందని గుర్తుంచుకోండి.

ప్లగ్గు పాయింట్ ట్యాంక్ కింద ఉండకూడదు, పక్కకి జరపండి. ప్రతి తీగా పాయింట్ కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కి ప్లగ్గు చేరాలి. తీగ వెంబడి జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా ఉప్పు నీళ్ళలో చెయ్యి పెట్టకండి, ఈ ఒక్క విషయంలో ఎవరు ఏం చెప్పినా వినకండి.

క్లౌన్ చేపల జత అన్నారు. 32 లీటర్లలో నేను జత పెట్టను, ఒక్కటి పెడతాను. అసలు నా ట్యాంక్‌లో క్లౌన్ లేనే లేదు, ఒక గోబీ చేప, దానితో ఒక పిస్టల్ రొయ్య ఉన్నాయి. రొయ్యకి చూపు సరిగా ఆనదు. పొద్దున్నించీ బొరియ తవ్వి ఇసుక బయట పోస్తుంటుంది, ఒక మీసం మాత్రం ఎప్పుడూ గోబీ తోక మీద ఆనించే ఉంచుతుంది. నేను దగ్గరికి వెళ్తే గోబీ తోక చిన్నగా వణికిస్తుంది, రెండూ ఒకేసారి బొరియలోకి మాయమవుతాయి. కళ్ళెత్తుకి ఎదురుగా, అరచేయంత దూరంలో అది చూడగలిగేది గోడ ట్యాంక్‌లోనే. ఇరుకు ట్యాంక్‌లో చేపలు బయటికి దూకుతాయి, పైన వల మూత తప్పనిసరి. పగడాల్లో మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లతో మొదలుపెట్టండి. జోయాంథిడ్‌లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. గ్లవ్స్ వేసుకోండి, కంటికి చిందకుండా చూసుకోండి, అవి అతుక్కున్న రాయిని ఎప్పుడూ వేడినీళ్ళలో మరిగించకండి. అవన్నీ పెట్టేది ట్యాంక్‌లో ప్రాణులకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే, మామూలుగా దానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ తర్వాత వారానికి 3 లీటర్ల ఉప్పునీరు మారిస్తే చాలు, ఇంత చిన్న ట్యాంక్‌లో క్యాల్షియం, క్షారత్వం చాలావరకు అదే సరిచేస్తుంది. ఉప్పు మాత్రం వేరే బకెట్‌లో కలిపి, కరిగాక పోయాలి.

అతికించాక వారం ఆరనిచ్చి, ట్యాంక్‌ని నేల మీదే నింపి ఇంకో వారం చూడండి, కింద పొడి కాగితం పరిచి. ఈలోగా ఖాళీ బ్రాకెట్ల మీద ట్యాంక్ మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లు, అంటే 100 కిలోల ఇసుక బస్తాలు పెట్టండి. పడితే దెబ్బ తగలకుండా ఆ చుట్టుపక్కలకి పిల్లల్ని రానివ్వకండి. బ్రాకెట్ పై అంచు వెంట గోడ మీద సన్నటి పెన్సిల్ గీత గీసి, రోజూ చూసుకోండి. వెంట్రుకవాసి కదిలినా నీళ్ళు పోయవద్దు.

కన్నం వేశాక పొడి ఏ రంగులో వచ్చిందో, ఎన్ని సెంటీమీటర్ల తర్వాత మారిందో ఇక్కడే రాయండి. బోల్టు ఎంత పొడవుది కావాలో, కాళ్ళు అవసరమో కాదో దాన్ని బట్టి చెప్తాను.