అడవిపందులకూ క్లే షూటింగ్‌కూ కలిపి కొత్త సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ తీసుకోవచ్చా?

మీ నాన్నగారి పాత డబుల్ బ్యారెల్ అమ్మేసి, చేలో పందులకూ గచ్చిబౌలి రేంజ్‌లో క్లేకూ (గాలిలోకి ఎగరేసే మట్టి బిళ్లలకూ) ఒకే సెమీ ఆటో కొందామనుకుంటున్నానని మీరు అన్నారు. మాది దేవరకొండ వైపు. తూటా పేలిన గ్యాస్‌తోనే డొల్లను బయటికి తోసి తర్వాతి తూటా ఎక్కించుకునే ట్వెల్వ్ బోర్ సెమీ ఆటో ఆరు నెలలుగా వాడుతున్నాను. కొనండి, కానీ మీకు ఇక్కడ దొరికే తూటాలతో కాల్చి చూశాకే.

ముందు ఒక మాట. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం సరదా వేట నేరం. పల్లికాయ చేను తవ్వేస్తున్న పందినైనా అటవీశాఖ అనుమతి కాగితం చేతిలో ఉంటేనే కాల్చాలి.

నా తుపాకీతో మొదటి రోజు రేంజ్‌లో 24 గ్రాముల ఛర్రాలుండే తూటాలు వేశాను. మూడో క్లేకే ఖాళీ డొల్ల, అది బయటికి పడే కిటికీలో అడ్డంగా ఇరుక్కుంది. ఇత్తడి అంచు బయటికి, ప్లాస్టిక్ మూతి లోపలికి. 25 క్లేలు అయ్యేలోపు నాలుగుసార్లు అదే తంతు. ఆ టెన్షన్‌లో తేలికైన క్లేలు కూడా వదిలేశాను. ఇంటికొచ్చి విప్పి చూస్తే, గ్యాస్ నెట్టే పిస్టన్ మీద ఫ్యాక్టరీ గ్రీజు జిగురులా పట్టి ఉంది. పైగా కొత్త స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది, చిన్న తూటా గ్యాస్ దాన్ని పూర్తిగా వెనక్కి నెట్టలేదు. గ్రీజు తుడిచి, 32 గ్రాములవి వంద దాకా కాల్చాక అవే 24 గ్రాములవి సాఫీగా నడిచాయి. ట్రాప్ అనే క్లే పోటీల్లో 24 గ్రాములు దాటనివ్వరు కాబట్టి ఈ పరీక్ష మీకూ తప్పదు.

భుజం మీద దెబ్బ మాత్రం డబుల్ బ్యారెల్ కంటే చాలా తక్కువ. సాయంత్రానికి చెయ్యి నొప్పి లేదు, ఇది నాకు బాగా నచ్చింది. మసి ఎక్కువ, ప్రతిసారీ తుడవాలి.

చోక్ (ఛర్రాలు ఎంత విచ్చుకోవాలో నిర్ణయించే, బ్యారెల్ మూతి బిగింపు) మార్చిన ప్రతిసారీ 40 గజాల్లో కాగితం కట్టి, 30 అంగుళాల వలయంలో ఎన్ని ఛర్రాలు పడ్డాయో లెక్కపెట్టండి. పందికి వాడే ఎల్‌జీ అనే పెద్ద గుండ్ల తూటాలో ఉండేవే ఆరు గుండ్లు, వాటిని విడిగా చూడాలి.

పాతది అమ్మొద్దు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత కూడా లైసెన్సు మీద రెండు తుపాకులు ఉంచుకోవచ్చు. డబుల్ బ్యారెల్‌ని మధ్యలో వంచి తెరిస్తే ఖాళీయో కాదో కంటికి కనిపిస్తుంది. సెమీ ఆటోలో మ్యాగజీన్ ఖాళీ అయినా బ్యారెల్‌లో ఒక తూటా మిగిలే ఉండొచ్చు. చేను నుంచి వచ్చాక బోల్టు వెనక్కి లాగి, లోపల వేలు పెట్టి చూశాకే నేను గడప దాటుతాను.