బట్వాడా డబ్బు భూమిలో పెట్టకు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన లెక్క చూశాను. పని జరిగేకొద్దీ వచ్చే రన్నింగ్ బిల్లుల్లో మిగులు, పాత సైటు మీద హామీగా పట్టి ఉంచిన రిటెన్షన్ మనీ, అమ్మాయి బంగారం మీద లోను, అవి చాలక బయట రెండు రూపాయల వడ్డీకి పాతిక లక్షలు. అన్నీ కలిపి విశాఖ దగ్గర భోగాపురం వైపు ప్లాట్లు కొంటానన్నావు. కాంట్రాక్టు పనులు మెల్లగా తగ్గించుకుని పూర్తిగా రియల్ ఎస్టేట్‌లోకి వచ్చేస్తానని కూడా రాశావు. రావడంలో తప్పేమీ లేదు. నేనూ సెంట్రింగ్ పనివాళ్లతో తిరిగి తిరిగి ఆ తర్వాతే కొనుగోళ్లలోకి దిగాను. నువ్వు దిగుదామనుకుంటున్న దారే నాకు నచ్చలేదు.

కాంట్రాక్టులో డబ్బు తిరుగుతూ ఉంటుంది. స్లాబ్ పడితే బిల్లు, బిల్లు వస్తే ఐరన్ షాపు బాకీ, శనివారం వస్తే బట్వాడా, అంటే కూలీల వారం జీతాలు. ఎప్పుడు చూసినా నీ ఖాతాలో పదో పదిహేనో లక్షలు కనిపిస్తాయి. అందులో సిమెంటు వాడిది ఎంత, మేస్త్రీది ఎంత, జీఎస్టీ కింద కట్టాల్సింది ఎంత అని విడదీసి చూస్తే నీది అనేది చాలా తక్కువ ఉంటుంది. భూమిలో పెట్టింది అలా తిరగదు. శుక్రవారం సాయంత్రం నలభై మంది కూలీల డబ్బు కావాలంటే సెంటు నేల అమ్మి తేలేవు కదా. నేను చూసినంతలో, రియల్ ఎస్టేట్‌లో దెబ్బ తిన్న కాంట్రాక్టర్లలో ఎక్కువమంది చెడ్డ భూమి కొని పోలేదు. మంచి భూమే కొన్నారు, సైటు ఆగిపోయింది, పేరు పోయింది, చివరికి ఆ మంచి భూమినే తక్కువకి వదులుకున్నారు.

అందుకని ముందు ఇంకో బ్యాంకులో వేరే ఖాతా తెరువు. నడుస్తున్న సైట్లన్నిటికీ మూడు నెలల బట్వాడా, మెటీరియల్ పక్కన పెట్టాక మిగిలిందే ఆ ఖాతాలోకి వెళ్లాలి. రిటెన్షన్ మనీ చేతికి వచ్చేదాకా అది నీ డబ్బు కిందకి రాదు. కొనుగోలు ఏదైనా ఆ ఖాతాలో ఉన్నంతలోనే. కాంట్రాక్టు పని మాత్రం ఇప్పుడే తగ్గించకు. నెలనెలా ఇల్లు గడిపేది అదే, బ్యాంకు వాడు లోను ఇచ్చేటప్పుడు చూసేదీ అదే.

రెండు రూపాయల వడ్డీ సంగతి. పాతిక లక్షలకి నెలకి యాభై వేలు, ఏడాదికి ఆరు లక్షలు. మూడేళ్లు ఆగితే పద్దెనిమిది లక్షలు. అంటే ఆ ప్లాట్ల ధర మూడేళ్లలో నూటికి డెబ్భై రెండు పెరిగితే నీకు అసలు, వడ్డీ తిరిగి వస్తాయి. లాభం ఆ పైన. రిజిస్ట్రేషన్‌కి అయిన ఏడున్నర శాతం, అమ్మేటప్పుడు బ్రోకర్ కమీషన్ నేను ఇందులో కలపనేలేదు. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి శంకుస్థాపన జరిగింది, 2023 మేలో మళ్లీ జరిగింది. మొదటి శంకుస్థాపన రోజున వడ్డీకి తెచ్చి కొన్నవాడు రెండో శంకుస్థాపన నాటికే నాలుగేళ్లకి పైగా వడ్డీ కట్టి ఉంటాడు. సొంత డబ్బుతో కొన్నవాడికి ఆ ఆలస్యం పెద్ద బాధ కాదు.

మన విశాఖలో ఇది కొత్త కాదు. 2014 విభజన అప్పుడు ఒక ఊపు, 2019 డిసెంబరులో విశాఖకి రాజధాని మాట వచ్చినప్పుడు ఇంకో ఊపు, 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చాక తర్లువాడ, ఆనందపురం వైపు మరో ఊపు. వార్త నిజమే కావచ్చు, ప్రాజెక్టూ రావచ్చు. వార్త పేపర్లో పడ్డ మర్నాడు రైతు చెప్పే రేటులో ఆ ప్రాజెక్టు అప్పటికే వచ్చేసి ఉంటుంది. అడ్వాన్స్ ఇచ్చి మూడు నెలల గడువుతో అగ్రిమెంట్ రాయించుకుని, గడువు లోపల ఇంకొకడికి తిప్పేద్దాం అని నీ స్నేహితుడు చెప్పాడన్నావు. ఊపు ఉన్నంతకాలం ఆ ఆట నడుస్తుంది. ఊపు ఆగిన రోజు అగ్రిమెంట్ ఎవరి చేతిలో ఉంటే వాడి అడ్వాన్స్ పోతుంది. రోజంతా రిజిస్ట్రార్ ఆఫీసు ముందు టీ తాగుతూ కూర్చునేవాళ్లకి ఆ వాసన ముందే తెలుస్తుంది. పొద్దున్నించి సైటులో ఉండేవాడివి, నీకు ఆఖర్న తెలుస్తుంది.

నువ్వు రెండు వాక్యాల్లో తేల్చేసిన సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. కొమ్మాది బిల్డరు ఫైనల్ బిల్లు కింద నలభై లక్షలకి ఫ్లాట్ రాసిస్తానంటున్నాడని, "అది ఎలాగూ వస్తుంది" అని రాశావు. ఎలాగూ రాదు, అల్లుడూ. చాలామంది కాంట్రాక్టర్లు తెలియకుండానే రియల్ ఎస్టేట్‌లోకి వచ్చే గుమ్మం ఇదే. నీకు ఇష్టం ఉన్నా లేకపోయినా నీ మొదటి పెట్టుబడి ఈ ఫ్లాటే. బయటివాడు కొన్నంత జాగ్రత్తగా కొను.

ధర దగ్గర మొదలుపెట్టు. ఆ నలభై లక్షలు అతను బయట చెప్పే రేటా, నిజంగా అమ్ముడవుతున్న రేటా? ఆ అపార్ట్‌మెంట్‌లోనే ఈ మధ్య ఫ్లాట్ కొన్న ఇద్దరు ముగ్గుర్ని కదిపితే తెలిసిపోతుంది. నువ్వు తీసుకుంటే అతనికి బ్రోకర్ ఖర్చు లేదు, ప్రకటన ఖర్చు లేదు, రొక్కం బయటికి తీయాల్సిన పనీ లేదు. ఆ మిగులు నీ ధరలో తగ్గాలి. తర్వాత, ఏ ఫ్లాట్ ఇస్తున్నాడు? అపార్ట్‌మెంట్ ప్లాన్ ఇచ్చేటప్పుడు కట్టుబడిలో కొంత భాగం జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకి) తనఖా పెట్టించుకోవచ్చని నీకు తెలుసు. కట్టడం పూర్తయిందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా అది విడవదు. ఆ తనఖా ఫ్లాటే నీకు అంటగడుతున్నాడేమో ప్లాన్ చూసి తేల్చుకో. ప్రాజెక్టు మీద బ్యాంకు లోను ఉంటే నీ ఫ్లాట్ నంబరు రాసి బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వాలి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు తీసుకుని వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ ఫ్లాట్ ఇంకా అమ్మనట్టే ఉందో లేదో చూడు. నోటిమాటా, తెల్లకాగితమూ వద్దు, రిజిస్టర్ చేసిన సేల్ అగ్రిమెంటే అడుగు.

ఫ్లాట్ రూపంలో వచ్చినా అది నీ బిల్లు ఆదాయమే. దాని మీద 18 శాతం జీఎస్టీలో ఇన్‌పుట్ (మెటీరియల్ మీద ముందే కట్టిన పన్ను) పోగా మిగిలింది నువ్వు రొక్కంగా కట్టాలి, ఇన్‌కమ్ టాక్స్ కూడా రొక్కమే. ఫ్లాట్ పూర్తయి సర్టిఫికెట్ రాకముందే తీసుకుంటే దాని కొనుగోలు మీద ఇంకో జీఎస్టీ, ఫ్లాటును బట్టి 1 శాతమో 5 శాతమో, పడుతుంది. అందుకని మొత్తం బిల్లు ఫ్లాట్ కింద సర్దుకోకు. పన్నులకీ, మెటీరియల్ బాకీలకీ సరిపడా డబ్బు రూపంలో ఇమ్మని గట్టిగా పట్టుబట్టు. మొహమాటపడితే నీ చేతిలో ఫ్లాటూ, నీ గుమ్మంలో ఐరన్ షాపు వాడూ ఉంటారు.

డెవలప్‌మెంట్, అంటే స్థలం ఓనరుది, కట్టే ఖర్చు నీది, కట్టాక ఇద్దరూ పంచుకోవడం, ఆ విషయానికి వస్తాను. ఎంవీపీ కాలనీలో పాత ఇల్లు చెరి సగానికి ఇస్తామంటున్నారని, కట్టేది నువ్వే కాబట్టి చవగ్గా పడుతుందని అన్నావు. ఒక ఊహ లెక్క వేద్దాం. 400 గజాల స్థలం, మొత్తం 10,000 అడుగుల కట్టుబడి, అడుగుకి 2,200 ఖర్చు. అంటే 2 కోట్ల 20 లక్షలు. నీ వాటా 5,000 అడుగులే కాబట్టి నీకు అడుగు 4,400 పడింది. దాని మీద ఓనరుకి ఇచ్చే గుడ్‌విల్, పని అయ్యేదాకా వాళ్ల అద్దె, ప్లాన్ ఫీజులు, నీ డబ్బు మీద వడ్డీ వేసుకో. కాంట్రాక్టరుగా నువ్వు అడుగుకి వంద రూపాయలు ఆదా చేస్తే మురిసిపోతావు. ఇక్కడ ఓనరు వాటా ఐదు శాతం అటో ఇటో అయితే నువ్వు ఇటుకల్లో, ఇసుకలో మిగిల్చిందంతా కొట్టుకుపోతుంది. బేరం అక్కడ ఆడు. రెరా వర్తించడానికి పెట్టిన 500 చదరపు మీటర్ల స్థలం, 8 ఫ్లాట్లు అనే హద్దులు ప్లాన్ గీయించేటప్పుడే చూసుకో. రెరా కిందకి వస్తే కొనేవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో పెట్టాలి, ఆ ప్రాజెక్టుకే వాడాలి. స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు కట్టుబడి లోపం బయటపడితే నీదే బాధ్యత.

ఇంకొకటి. ఆ ఇంటి ఓనర్లు ఎంతమంది? పెద్దాయన పోయి ఉంటే కొడుకులతో పాటు కూతుళ్ల సంతకాలూ కావాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా లేదు. "అక్కయ్య ఏమీ అనదులెండి" అని తమ్ముడు అంటే ఆ అక్కయ్యతో మాట్లాడకుండా అడుగు వేయకు. ఒకరు అమెరికాలో ఉంటే అక్కడ చేసిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు చేయించాలి.

నన్నడిగితే నీకు బాగా కలిసొచ్చేది పాత బిల్డింగులు. ద్వారకానగర్, సీతమ్మధార, డాబాగార్డెన్స్‌లో పాత ఫ్లాట్లు, పాత డాబా ఇళ్లు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. మామూలు మనిషి పెచ్చులూడిన స్లాబ్ చూస్తే భయపడి వెళ్లిపోతాడు, లేదంటే కొత్త రంగు చూసి మోసపోతాడు. నువ్వు సుత్తితో కొట్టి వింటే చాలు, అది పైపూత సమస్యా, లోపల ఐరన్ తినేసిందా తెలుస్తుంది. సముద్రం గాలికి బీచ్ వైపు ఐరన్ ఎలా తుప్పు పడుతుందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. బాగు చేయడానికి రెండు లక్షలా, పన్నెండు లక్షలా అనేది నువ్వు గంటలో చెప్పగలవు. వేరేవాళ్లు చెప్పలేరు. బేరంలో నీకున్న బలం అదే. పాత ఫ్లాట్ అయితే దస్తావేజులో భూమి వాటా ఎన్ని గజాలో చూడు, ముందు ముందు విలువంతా దానిదే.

బ్యాంకు వేలాల్లోనూ నీ కన్ను పనికొస్తుంది. రిజర్వ్ ధరలో 10 శాతం ముందు కట్టాలి. పాట నీకు వస్తే వెంటనే, లేదా మర్నాటికల్లా, దానితో కలిపి పాట ధరలో 25 శాతం. మిగతా 75 శాతానికి మామూలుగా 15 రోజుల గడువు. ఆ గడువులో లోను రాదేమో అన్న అనుమానం ఉంటే పాట జోలికి పోవద్దు. "ఉన్నది ఉన్నట్టు" అంటే ఇంటిపన్ను, కరెంటు, మెయింటెనెన్స్ బకాయిలు కూడా నీవే అని అర్థం. లోపల మనుషులు ఉన్నారా, బ్యాంకు నిజంగా స్వాధీనం చేసుకుందా లేక నోటీసు అంటించి ఊరుకుందా అనేది స్వయంగా వెళ్లి చూడు.

ఖాళీ స్థలమే కొనాలని ఉంటే కాగితాల పని లాయర్‌కి వదిలేసి కూర్చోకు. మన జిల్లాలో చిక్కులు వేరే. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం: ఈ పంచగ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూముల గొడవ నీకు తెలుసు, ఇళ్లు కట్టుకుని ఉంటున్నవాళ్లే అవస్థ పడుతున్నారు. అర్బన్ ల్యాండ్ సీలింగ్ చట్టాన్ని మన రాష్ట్రం 2008లో వదిలేసింది కానీ, అప్పటికే ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న మిగులు భూమి ప్రభుత్వానిదే. డి-పట్టాలు, అంటే ప్రభుత్వం పేదలకి పంచిన భూములు, అమ్మకూడదని 1977 చట్టం ఉంది. ఫ్రీహోల్డ్ అయిపోయిందని బ్రోకర్ ఎంత చెప్పినా నువ్వు జిరాయితీ (సొంత పట్టా) భూమికే అడ్వాన్స్ ఇవ్వు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది ఆఫీసులో వెతికించాలి. పాత ఎస్టేటు (జమీందారీ) గ్రామాల్లో సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే పాత భూమి రికార్డు తీయించకుండా ఎవరు బాగుందన్నా నమ్మకు. బీచ్ వైపు అయితే సీఆర్‌జెడ్ (తీరం దగ్గర కట్టడాల మీద ఆంక్షలు) హద్దు, విమానాశ్రయం వైపు అయితే ఎత్తు పరిమితి చూసుకో.

మధురవాడ, కొమ్మాది కొండల కింద కొనేటప్పుడు గెడ్డ (వాన నీరు పారే వాగు) ఎటు పోతుందో చూడాలి. వేసవిలో అది ఉత్త పల్లంలా కనిపిస్తుంది. ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) పట్టుకుని, వాన పడ్డాక ఒకసారి వెళ్లు. టేపు నువ్వే పట్టుకో. దస్తావేజులో 300 గజాలుంటే నేల మీద 280 ఉండటం మన ఊళ్లో మామూలే, సైట్లు కొలిచి బతికేవాడివి నువ్వే కొలవకపోతే ఎలా?

పన్నుల గురించి పొడుగ్గా రాయను. నువ్వు తరచూ కొని అమ్ముతుంటే అది వ్యాపార ఆదాయం కింద పోతుంది, రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద వచ్చే 12.5 శాతం పన్ను రేటు మీద ఆశ పెట్టుకోకు. ఏది అమ్మకానికి, ఏది ఉంచుకోవడానికి అనేది కొన్న రోజే పుస్తకాల్లో రాయించు. 50 లక్షలు, ఆ పైన పెట్టి కొంటే 1 శాతం టీడీఎస్ కట్టాల్సింది కొనేవాడే. స్థలం, ఇల్లు అమ్మేటప్పుడు ఇరవై వేలు, ఆ పైన రొక్కం పుచ్చుకుంటే పుచ్చుకున్నంతా జరిమానా పడొచ్చు. ఇప్పుడున్న సీఏ నీ కాంట్రాక్టు రిటర్నులకి సరిపోతాడు గానీ, డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లు చేసిన అనుభవం ఉన్నవాడిని వేరే చూసుకో.

బంగారం మాత్రం ముట్టుకోకు. ఈ విషయం నీతో చెప్పేకన్నా అమ్మాయితోనే చెబుదామనుకున్నాను, అత్తయ్య వద్దంది.

భోగాపురం బ్రోకర్‌కి ఇంకా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇవ్వకు. కొమ్మాది ఫ్లాట్‌కి సంబంధించి ప్లాన్ కాపీ, తనఖా కాగితం, రెరా నంబరు, నీ ఫైనల్ బిల్లు జిరాక్సులు పంపు. ఎంవీపీ ఇంటివాళ్ల వంశవృక్షం కూడా రాయించుకుని రా. ఆదివారం పొద్దున్న ఇంట్లోనే ఉంటాను. బిల్డరుతో ఏం మాట్లాడాలో అప్పుడు కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మామయ్య
విశాఖపట్నం