మెథోట్రెక్సేట్ ఆపేసిన అమ్మగారి విషయం – సమాధానం

తమ్ముడూ, దేవరకొండలో మీ అమ్మగారికి రెండు చేతుల వేళ్లు వాచి, పొద్దున గంటసేపు పిడికిలి బిగియడం లేదని రాశావు. డాక్టరు ఆర్‌ఏ (రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం) అని మెథోట్రెక్సేట్ రాస్తే, క్యాన్సర్ మందని ఎవరో భయపెట్టగా నెలకే ఆపేశారు. ఇప్పుడు ఫ్లోరైడ్ నొప్పులే అంటున్నారట.

మన నల్లగొండలో ఏ కీలు నొచ్చినా ఫ్లోరైడ్ మీదికే నెట్టేస్తాం. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బులో ఎక్కువగా మెడ, నడుము బిగుసుకుపోతాయి, ఎక్స్‌రేలో ఎముక చిక్కగా కనిపిస్తుంది. వేళ్ల కణుపులు ఇలా వాయడం, పైగా కీళ్లవాతాన్ని పట్టిచ్చే యాంటీ సీసీపీ రక్తపరీక్ష పాజిటివ్ రావడం చూస్తే డాక్టరు మాటే సరి అనిపిస్తోంది.

ఆ మందు క్యాన్సర్‌కీ వాడతారు, నిజమే. కానీ కీళ్లవాతానికి ఇచ్చే డోసు చాలా తక్కువ, అదీ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వారంలో ఏ రోజు వేసుకోవాలో డబ్బా మీద పెద్దక్షరాలతో రాసి అంటించు. ఫోలిక్ యాసిడ్ కూడా చెప్పిన రోజున తప్పకుండా వేయించు. గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, నెలకే ఆపితే ఏం తెలుస్తుంది? డాక్టర్ని కలిసి రక్తం, లివర్, కిడ్నీ పరీక్షలు చేయించి మళ్లీ మొదలుపెట్టించు.

అదీ చాలకపోతే టోఫాసిటినిబ్ మాత్రలు, అడాలిముమాబ్ ఇంజెక్షన్లు ఉన్నాయి. 2014 నుంచి మన దేశంలో తయారైన అడాలిముమాబ్ దొరుకుతోంది. వాటికి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ (కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే) విభాగం ఉంది, పాత రిపోర్టులన్నీ పట్టుకుని వెళ్లండి. ఈలోపు ఊళ్లో నొప్పి సూదులు మాత్రం వేయించకు. అందులో స్టెరాయిడ్ ఉంటే వాపు దిగినట్టే ఉంటుంది, అసలు జబ్బు తెలియకుండా దాగిపోతుంది.