కార్డు లేకపోతే విలేకరి కాదా?

ప్రశ్న: మాది గోదావరి ఒడ్డున ఉన్న మండలం. పదకొండేళ్లు ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేశాను. పత్రికకు ఇన్ని యాడ్స్ తేవాలన్న టార్గెట్ కట్టలేక మానేసి ఇప్పుడు యూట్యూబ్ చానెల్ నడుపుతున్నాను. రాత్రిపూట ఇసుక ట్రాక్టర్లు పోతున్న వీడియో పెట్టిన మర్నాడే స్టేషన్ నుంచి కాల్ వచ్చింది, "నీ ఫోన్ తీసుకుని రా" అని. ప్రభుత్వం విలేకరులకు ఇచ్చే అక్రెడిటేషన్ కార్డు లేదు కాబట్టి నేను జర్నలిస్టునే కాదట. నిజమేనా? వెళ్లాలా? – ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: ముందు కార్డు సంగతి తేల్చేద్దాం. ఆ కార్డుతో వచ్చేది బస్సులో రాయితీ, సెక్రటేరియట్ గేటు దగ్గర కాస్త మర్యాద. వార్త చెప్పే హక్కు దాంతో రాదు. మన రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అనే మాటే విడిగా లేదండీ. 19(1)(ఏ) అధికరణం కింద ప్రతి పౌరుడికీ ఉన్న భావప్రకటన స్వేచ్ఛలోనే అదీ ఉందని సుప్రీంకోర్టు 1950 నుంచీ చెబుతోంది. అంటే హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్న ఎడిటర్‌కు ఎంత హక్కుందో, బైకు మీద ట్రైపాడ్ కట్టుకుని తిరిగే మీకూ అంతే ఉంది. కాకపోతే ఆయనకు ఒకటో తారీఖున జీతం పడుతుంది, వెనక లాయరు ఉంటాడు.

ఇక ఫోన్ కాల్. "సార్, నోటీసు ఇవ్వండి, వస్తాను" అని మర్యాదగానే అనండి. విచారణకు రమ్మని పోలీసులు ఇచ్చేదాన్ని ఇదివరకు 41ఏ నోటీసు అనేవాళ్లం చూడండి, 2024 జులై నుంచి కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది 35(3) అయింది. చేతికి నోటీసు వచ్చాక మాత్రం వెళ్లాల్సిందే, వెళ్లకపోతే అరెస్టుకు మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. ఎఫ్ఐఆర్‌లో ఐటీ చట్టం 66ఏ (ఆన్‌లైన్‌లో అభ్యంతరకర పోస్టులు పెడితే వాడిన సెక్షన్) కనిపిస్తే లాయరుకు వెంటనే చెప్పండి. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. ఆ తర్వాత కూడా స్టేషన్లలో దాని కింద కేసులు రాస్తూనే ఉంటే, ఇక ఆపండని 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చచ్చిన పామును మెడలో వేసినా మనిషి భయపడతాడు కదా!

నన్నడిగితే, మీరు టెన్షన్ పడాల్సింది అరెస్టు గురించి కాదు, ఫోన్ గురించి. ట్రాక్టర్లు ఏ రేవు నుంచి ఎన్నింటికి బయల్దేరతాయో మీకు చెప్పినవాడి నంబరు అందులోనే ఉంది. 2023 అక్టోబరు 3న ఢిల్లీలో న్యూస్‌క్లిక్ అనే వార్తా వెబ్‌సైట్‌కు పనిచేసినవాళ్ల ఇళ్లలో సోదాలు చేసినప్పుడు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకుపోయారు. మరుసటి నెలలోనే వేరే కేసులో సుప్రీంకోర్టు, జర్నలిస్టుల పరికరాలు స్వాధీనం చేసుకోవడానికి మార్గదర్శకాలు ఉండాలని కేంద్రానికి చెప్పింది. సోర్సు పేరు చెప్పక్కర్లేదని చట్టం ఉందిగా అని యూనియన్ వాళ్లు అంటారు. ఉంది, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు సంబంధించిన 1978 నాటి చట్టంలో. అయితే అది ప్రెస్ కౌన్సిల్ అడిగినప్పుడే పనికొస్తుంది, ఎస్‌ఐ అడిగితే కాదు. పైగా ఆ కౌన్సిల్ పరిధి పత్రికలు, వార్తా సంస్థల వరకే, యూట్యూబ్ దాకా రాదు. కాబట్టి నోటీసు వచ్చాక ఏదీ డిలీట్ చేయకండి, అది ఇంకో కేసు అవుతుంది. ఏ గొడవా లేని రోజుల్లోనే సోర్సు నంబరును అసలు పేరుతో సేవ్ చేయకుండా ఉండండి, ఒరిజినల్ వీడియో కాపీ ఇంట్లో కాకుండా మరోచోట పెట్టుకోండి.

టార్గెట్ గురించి ఒక్క మాట. నేను డెస్కులో ఉన్న రోజుల్లో, ఒక ఆగస్టు 15న, జిల్లా పేజీ పైభాగంలో ఒక పెద్దమనిషి శుభాకాంక్షల యాడ్ వచ్చింది, చేతులు జోడించిన ఫొటోతో. ఆయన భూముల వ్యవహారం మీద కంట్రిబ్యూటర్ పంపిన వార్తను అదే పేజీలో సింగిల్ కాలమ్‌కు కోసి, పేరు తీసేసి 'ఓ నాయకుడు' అని పెట్టింది నేనే. ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. ఆ యాడ్ తెచ్చిందీ, ఆ వార్త రాసిందీ ఒకే కుర్రాడు.

ఇంకోటి, రాత్రిపూట రేవు దగ్గరకు ఒంటరిగా పోకండి. తెలంగాణ సరిహద్దుకు ఆనుకునే ఉన్న ఛత్తీస్‌గఢ్ బీజాపూర్‌లో ముకేశ్ చంద్రాకర్ మీలాగే సొంత యూట్యూబ్ చానెల్ నడిపేవాడు. ఒక రోడ్డు పనిలో అవినీతి మీద వార్త ఇచ్చాక 2025 జనవరి 1న కనిపించకుండా పోయాడు. రెండు రోజులకు ఒక కాంట్రాక్టర్ స్థలంలో, కొత్తగా కాంక్రీటు వేసి మూసిన సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ప్రధాన నిందితుడైన ఆ కాంట్రాక్టర్‌ను పట్టుకున్నది హైదరాబాద్‌లో.

ప్రశ్న: మా చానెల్ వీడియో ఒకటి తెరిస్తే, ప్రభుత్వ ఆదేశం వల్ల ఈ దేశంలో కనపడదు అని వస్తోంది. మాకు ఒక్క కాగితం ముక్క రాలేదు. – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చాలాసార్లు ఇది ఆన్‌లైన్‌లో ఉన్నదాన్ని కనపడకుండా ఆపించే అధికారం ప్రభుత్వానికిచ్చే ఐటీ చట్టం 69ఏ కింద వచ్చే ఆదేశం. 2009 నిబంధనల్లో నోటీసు వీడియో పెట్టినవాళ్లకు 'లేదా' యూట్యూబ్ లాంటి కంపెనీకి ఇవ్వాలని ఉంది. ఆ 'లేదా' దగ్గరే మీ కాగితం ఆగిపోయింది. 16వ నిబంధన ప్రకారం అంతా రహస్యం. కారణమే తెలియని ఆదేశం మీద ఏమని వాదించాలి? మిగిలిన దారి కోర్టు. 2025లో 4పీఎం న్యూస్ అనే యూట్యూబ్ చానెల్‌ను ఇలాగే ఆపేస్తే వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు, కేసు నడుస్తుండగానే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. ఢిల్లీ దాకా వెళ్లే స్తోమత లేకపోతే మన హైకోర్టులో రిట్ వేయండి.

ప్రశ్న: మా బావగారు వాట్సాప్ గ్రూపులో రోజూ పేపర్ క్లిప్పింగులు పెడతారు. వెతికితే ఆ పేపర్‌లో అలాంటి వార్తే ఉండదు. ఎలా పసిగట్టాలి? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: హెడ్డింగ్ అక్షరాలు చూడండి. పెద్ద పత్రికలు చాలావరకు తమ సొంత ఫాంటు వాడతాయి, దొంగ క్లిప్పింగులో ఊరికే దొరికే ఫాంటు ఉంటుంది. ఊరు, తేదీ ఉండవు. అంచున సగం తెగిన పక్క వార్త కనిపిస్తే దాన్నీ చదవండి. ఎన్నికల వేళ మే నెలలో నాకొచ్చిన ఒక 'సంచలన వార్త' పక్కన సంక్రాంతి కోడిపందేల వార్త ఉంది! అనుమానమొస్తే ఆ తేదీ ఈ-పేపర్ తెరిస్తే రెండు నిమిషాల పని. బావగారికి మాత్రం గ్రూపులో చెప్పకండి, విడిగా ఫోన్ చేసి చెప్పండి. అందరి ముందు చెబితే సాయంత్రానికి ఇంకో రెండు పెడతారు.