విచారణ కమిషన్ల వార్తలు వదలకుండా చూసే అమ్మాయిని జర్నలిజంలో చేర్చాలా?

మల్కాజిగిరి నుంచి ఒకమ్మ రాశారు. వాళ్ళ పాప బీఏ ఫైనల్ ఇయర్, పొలిటికల్ సైన్స్. ఇంట్లో వాళ్ళు గ్రూప్స్ కోచింగ్‌కి అశోక్‌నగర్ పంపుదామంటుంటే పాపేమో పొలిటికల్ రిపోర్టర్ అవుతానంటోంది, కాళేశ్వరం కమిషన్ విచారణ నడిచినన్నాళ్ళు టీవీ ముందు నుంచి లేవలేదట. "కమిషన్లు వేస్తారు, రిపోర్టులు ఇస్తారు, ఎవరికీ ఏం కాదు, వాటి వెనక తిరిగే ఉద్యోగంలో ఏముంది మేడం" అని అడిగారు.

అమ్మా, ఎవరికీ ఏం కాదు అన్నారు కదా, అక్కడి నుంచే మొదలుపెడతా. కమిషన్ శిక్ష వేయదు, ఆ అధికారమే దానికి లేదు. 1952 నాటి కమిషన్స్ ఆఫ్ ఎంక్వైరీ చట్టం ప్రకారం సాక్షుల్ని పిలిపించడానికి, ఫైళ్ళు తెప్పించడానికి సివిల్ కోర్టుకున్న పవర్స్ ఉంటాయి గానీ చివరికి ఇచ్చేది రిపోర్టే, ప్రభుత్వం దాన్ని ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, కాకపోతే ఏం చర్య తీసుకున్నారో రాసి ఆరు నెలల్లోపు సభ ముందు పెట్టాలి. ఈ ముక్క మొదటి రోజే జనానికి చెప్పే రిపోర్టర్లు తక్కువ. కమిషన్ వేసిన పూటే ఇక జైలుకే అన్నట్టు హెడ్డింగులు పెడితే తర్వాత మీలాంటి వాళ్ళకి విసుగు రాకుండా ఎట్లా ఉంటుంది.

రెండోది విచారణ పరిధి, అంటే టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్. ఏం విచారించాలో ప్రభుత్వం జీవోలో రాసిస్తుంది, కమిషన్ ఆ గీత దాటి పోదు. కాళేశ్వరం అంటే పంప్‌హౌసులు, కాలవలు, రిజర్వాయర్లు బోలెడు, కానీ 2024 మార్చిలో జస్టిస్ పినాకీ చంద్ర ఘోష్‌కి అప్పగించింది మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ళ, ఈ మూడు బరాజుల సంగతి. మా దగ్గర చదివిన ఒకమ్మాయి ఆ కమిషన్ విచారణ జరిగిన బీఆర్‌కే భవన్ బయట రోజూ మైకు పట్టుకుని నిలబడేది, ఆ జీవో జిరాక్సు నాలుగు మడతలేసి బ్యాగులో పెట్టుకుని తిరిగేది, బయటికొచ్చిన నాయకుడు ఫలానాది ఎందుకు అడగలేదు అని గట్టిగా అంటే మిగతావాళ్ళు ఆ మాటల క్లిప్పు, అంటే బైట్, అట్లాగే పంపేసేవాళ్ళు, తను మాత్రం కాగితం తీసి అసలు అది కమిషన్ పరిధిలో ఉందా లేదా చూసుకుని రెండు లైన్లు కలిపి పంపేది. ఆ రెండు లైన్ల వల్లే వార్తలు దిద్దే డెస్క్‌లో తన మాటకి విలువొచ్చింది.

పరిధిలో ఒక్క మాట తేడా ఎంత దూరం పోతుందో మీకూ గుర్తుండాలి. 2009 డిసెంబర్ 9న కేంద్రం వాళ్ళు తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామన్నారు, 2010 ఫిబ్రవరి 12న శ్రీకృష్ణ కమిటీకి విధివిధానాలు ఇచ్చేసరికి ప్రత్యేక రాష్ట్రం డిమాండ్‌తో పాటు సమైక్యంగా ఉంచాలన్న డిమాండ్‌ని కూడా చూడమన్నారు. అంతే, ఇక్కడ భగ్గుమంది, ఎమ్మెల్యేలు రాజీనామాలు చేశారు, జులైలో 12 సీట్లకి ఉప ఎన్నికలొచ్చాయి. ఆ కాగితం చదవడం రాని రిపోర్టర్‌కి ఆ గొడవ ఎందుకో కూడా అర్థం కాలేదు, పాపం.

ఇంకోటి చెప్పి ఆపుతా, ఇది పాపకి తప్పకుండా చెప్పండి. కేసీఆర్ హయాంలోని కరెంటు కొనుగోళ్ళ మీద వేసిన జస్టిస్ నరసింహారెడ్డి కమిషన్‌లో విచారణ మధ్యలోనే ఆయన ప్రెస్‌మీట్ పెట్టారు, ముందే ఒక అభిప్రాయానికి వచ్చేశారని కేసీఆర్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 2024 జులైలో కోర్టు జడ్జిని మార్చమంది, ఆయన తప్పుకున్నారు, జస్టిస్ మదన్ లోకూర్ వచ్చారు. చూడండి, మారింది జడ్జి, కమిషన్ రద్దు కాలేదు. ఈ రెండూ కలిపేసి రాస్తే జనాన్ని తప్పుదోవ పట్టించినట్టే, నాకు దీని మీద చాలా పట్టుదల.

ఇక చదువు సంగతి. ఉస్మానియాలో జర్నలిజం పీజీకి సీపీగెట్ ఎంట్రన్స్ రాయాలి, సెంట్రల్ యూనివర్సిటీ అయితే సీయూఈటీ పీజీ. నన్నడిగితే జర్నలిజం తర్వాత లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్ఎల్‌బీ కూడా చేయమంటా, కోర్టు, కమిషన్ బీట్లలో అది బాగా పనికొస్తుంది. జీతం మొదట్లో తక్కువ, టైముకి ఇంటికి రావడం ఉండదు, ఇది దాచను. గ్రూప్స్ కోసం పాలిటీ చదివినా వృథా కాదు కాబట్టి ఇంట్లో గొడవ పడకండి, కోచింగ్ ఫీజు మాత్రం ఇప్పుడే కట్టేయకండి.

ముందు పాపతో ఒక పని చేయించండి. ఏదైనా ఒక కమిషన్ జీవో ప్రింట్ తీయించి, ఏం విచారించమన్నారో ఎర్ర పెన్నుతో గీతలు పెట్టమనండి, వేరే కాగితం మీద ఏం అడగలేదో తనకి తోచింది రాయమనండి. ఆ రెండో కాగితం రాయడానికి తనే ఉత్సాహంగా కూర్చుంటే నాకు పంపించండి, చూసి చెప్తా.